పెద్ద టైర్ల బండి గుట్టెక్కిన వైనం

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తన బుర్ర మీద ఉండే నమ్మకం ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఉండదు. ఆ రోజుల్లో నన్నెవరైనా దారిలో ఆపి, "వానలు పడాలంటే ఏం చెయ్యాలప్పా?" అని అడిగినా, "బండికి పెద్ద టైర్లు వెయ్యాలి" అనే చెప్పి ఉండేవాణ్ణి. అంత పిచ్చి. అన్నం ముందు కూర్చున్నా టైర్లే, పడుకుని కళ్లు మూసినా టైర్లే. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో తమ పికప్ బండ్లకు మనిషి నడుమెత్తు టైర్లు బిగించుకుని బురదలో, మంచులో, పారే ఏట్లో ఎగిరెగిరి పడుతుంటే ఫోనులో నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. (మా ముదిగుబ్బ చుట్టుపక్కల బురదా లేదు, మంచూ లేదు. ఏట్లో నీళ్ల సంగతి అడగనే వద్దు. ఆ ఆలోచన మాత్రం నాకు ఒక్కసారీ రాలేదు.)

నాకూ ఒక పికప్ ఉండేది. మా ఇంట్లో ముత్తాతల నుంచీ గొర్రెలే బతుకు. మా నాయనకు మనుషులతో కంటే గొర్రెలతో మాట్లాడటమే సులువు. వాటితో రోజంతా మాట్లాడేవాడు, మాతో సాయంత్రం నాలుగు ముక్కలు. నాకేమో గొర్రెల వెనక నడవడమంటే చచ్చేంత నామోషీ. ఇంటర్ ఎలాగో గట్టెక్కాక, "నేను గొర్ల ఎనకాల పోను నాయనా, బండి తోలుకుంటా" అని మొదలుపెట్టి, పొద్దున లేస్తే అదే పాట, పడుకోబోతే అదే పాట. చివరికి నాయన విసిగిపోయి మందలో సగం అమ్మి, పాత పికప్ ఒకటి ఇప్పించాడు. అది ఇంటికొచ్చిన రోజు సగం ఖాళీ అయిన దొడ్డి దగ్గర నిలబడి ఒక మాట అన్నాడు.

"సూడ్రా. నీకు ఇది బండి. నాకు మాత్రం సగం మంద. పరస దాకా సూస్తా. ఈ తూరి మన పొట్టేలు దీంట్లోనే గుట్టెక్కల్ల. తొలిపూజకు అందితే బండి ఉంటాది. అందకపోతే అమ్మేసి మల్లా గొర్లు తెస్తా. కర్ర నీ చేతికిస్తా."

పరస అంటే, మా ఊరికి ఎదురుగా ఉన్న గుట్ట మీద అమ్మవారికి ఏటా ఎండాకాలంలో జరిగే జాతర. తొలిపూజకు మొదటి పొట్టేలు మా ఇంటిదే అయి ఉండాలి. మా వంశానికి ఊళ్లో ఉన్న పెద్దరికమల్లా అదొక్కటే. మా పొట్టేలు రావడం ఆలస్యమైతే పూజ ఆగదు, పక్కింటివాళ్ల పొట్టేలు ముందుకు వస్తుంది. అది జరిగితే నాయన ఊళ్లో తలెత్తుకు తిరగలేడు, నేను స్టీరింగు ముట్టుకోలేను. ఇంత పెద్ద పరీక్ష ముందున్నప్పుడు బుద్ధున్నవాడెవడైనా ఏం చేస్తాడు? బాగా నడుస్తున్న బండిని ముట్టుకోకుండా, కడిగి, పసుపు కుంకాలు పెట్టి, ఆ రోజు కోసం ఎదురుచూస్తాడు. నేను టైర్లు మార్చాను.

ఇందులో నాకు ఇద్దరు సలహాదారులు. ఒకడు డిప్లమో. వాడు మెకానికల్ డిప్లమోలో ముప్పాతిక భాగం చదివి, మిగిలిన పాతిక భాగాన్ని కాలేజీకే వదిలేసి వచ్చిన నా స్నేహితుడు. (ఆ పేరు ఊరు పెట్టింది. వాడికి అందులో ఎగతాళి కనపడలేదు, గర్వంగా పలికేవాడు.) రెండోవాడు భాయ్. ముదిగుబ్బలో బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షెడ్డు ఆయనది. బోర్లు ఎండిపోయిన ఏడాది మోటార్లు కాలవు, మోటార్లు కాలకపోతే భాయ్‌కి పని ఉండదు, పని లేకపోతే భాయ్ చేతులు ఊరుకోవు. అందుకని దొరికిన బండినల్లా విప్పేవాడు. మళ్లీ బిగించేటప్పుడు ఒకటో రెండో నట్లు మిగిలేవి. వాటిని రేకు డబ్బాలో వేసి, "కంపెనీవాళ్లు ఎక్కువ పెడతారు, వాళ్లకేం పోయింది" అనేవాడు.

ముగ్గురం కలిసి అనంతపురం వెళ్లి, టైర్ల అంగడిలో వరసగా వేలాడదీసిన టైర్ల మధ్య తిరుణాళ్లలో పిల్లల్లా తిరిగాం. అంగడాయన మా బండిని చూశాడు, మేము చూపిస్తున్న టైర్లను చూశాడు. "ఇవి దానికి పట్టవప్పా, మడ్‌గార్డుకి ఒరుసుకుంటాయి" అన్నాడు. "మడ్‌గార్డు మనం చెప్పినట్టు వినాలి గానీ, మడ్‌గార్డు చెప్పినట్టు మనం వింటామా" అన్నాడు భాయ్. డిప్లమో టైరు పక్కన నిలబడి తన మోకాలి మీద నుంచి తొడదాకా జానలతో కొలిచాడు. నేనైతే ఆ రబ్బరు గుబ్బల మీద చెయ్యి వేసి నిమిరాను. ఒక్కో గుబ్బ మధ్య నా నాలుగు వేళ్లూ దూరేంత సందు. ఆ కొత్త రబ్బరు వాసనకి నాకు కడుపు నిండిపోయింది, ఆ పూట భోజనం కూడా గుర్తు రాలేదు.

షెడ్డుకు తెచ్చి, బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల, అంటే కమాన్‌కట్టల కింద ఇనప దిమ్మెలు పెట్టి బండిని ఎత్తి, మడ్‌గార్డు అంచులు సుత్తితో మడిచి టైర్లు ఎక్కించాం. అప్పుడు భాయ్ గడ్డం గోక్కుంటూ ఒక అనుమానం బయటపెట్టాడు. "టైరు పెద్దదయినాక బండి గుంజదంటారు కదప్పా. ఎనక క్రౌన్ మార్చల్లంట." వెనక ఇరుసు మధ్యలో ఒక పెద్ద పళ్లచక్రం ఉంటుంది, దాన్ని క్రౌన్ అంటారు. దాన్ని తిప్పే చిన్నది పినియన్. ఈ రెండింటి పళ్ల లెక్కను బట్టి ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే టైరు ఒక చుట్టు తిరుగుతుందో తేలుతుంది. పాత సామాన్ల అంగడిలో మా బండికి సరిపోయే జతలు రెండు దొరికాయి. ఒక జత టైరును నెమ్మదిగా, బలంగా తిప్పేది. రెండోది వేగంగా, బలం లేకుండా తిప్పేది. ఏది వెయ్యాలి? భాయ్ డిప్లమో వైపు చూశాడు. "లెక్క నీది, పానా నాది."

డిప్లమో బొగ్గుముక్క తీసుకుని షెడ్డు గోడ మీద చిన్న సున్నా ఒకటి, పెద్ద సున్నా ఒకటి గీశాడు. వాటి మధ్య గీతలు, బాణాలు, కూడికలు, భాగారాలు. గోడ చాలక తలుపు మీదికి కూడా పోయాడు. చివరికి తిరిగి మావైపు చూసి, చేతులు దులుపుకుని చెప్పాడు. "పెద్ద చక్రం నిదానంగా తిరుగుతాది. అవునా? నిదానంగా తిరిగేదాన్ని తొందరగా తిప్పాలంటే తొందరగా తిప్పే జత కావల్ల. అవునా?" మేమిద్దరం అవునన్నాం. ఇంత తేలిక విషయానికి అంత గోడ ఎందుకు ఖరాబు చేశాడా అనిపించింది కూడా. అసలు సంగతి సరిగ్గా తలకిందులు. పెద్ద టైరును తిప్పడం ఇంజనుకు బరువు, కాబట్టి నెమ్మదిగా బలంగా తిప్పే జత వెయ్యాలి. పెద్ద టైర్లతో బండి బలం సగం పోతే, మిగతా సగాన్ని మేము డబ్బిచ్చి మరీ తీసేయించాం. కానీ ఆ సాయంత్రం షెడ్డులో ముగ్గురం ఒకరి భుజం ఒకరం తట్టుకుని, బెల్లం టీ తాగి, కంపెనీ ఇంజనీర్లకు ఈ మాత్రం తట్టలేదే అని జాలిపడ్డాం.

కొత్త టైర్లకు పూజ మా ఇంటి ముందే జరిగింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, అవ్వ (మా నాయన అమ్మ) హారతిచ్చి, "పోనీ నాయనా" అంది. పోనిచ్చాను. నాలుగు నిమ్మకాయలకు మూడే చిట్లిన చప్పుడు వచ్చింది. దిగి చూస్తే మూడు నలిగాయి, నాలుగోది టైరు గుబ్బల సందులో దూరి, ఒక్క గీత కూడా పడకుండా, పచ్చగా నిగనిగలాడుతూ మమ్మల్ని చూస్తోంది. అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "నిమ్మకాయ నలగనే ల్యా! ఇదేం బండిరా, దిష్టిని నమలకుండ నోట్లో పెట్టుకుండాది!" ఇంకో నిమ్మకాయ పెట్టి తోలితే అదీ ఇంకో సందులో చేరింది. చివరికి డిప్లమో రోకలి తెచ్చి వాటిని పొడిచి, "ఇంగ దిష్టి పోయినట్టే అవ్వా" అని సర్దిచెప్పాడు. నాయన అరుగు మీద కూర్చుని అంతా చూస్తూ ఉండి, లేచి వచ్చి, తన భుజం ఎత్తున ఉన్న బండి అడుగు పలకను చేత్తో తడిమి, "ఇది బండా, మంచెనా? ఎక్కి పిట్టల్ని తోలుకోవల్లనా?" అని అడిగి, గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

నాయన ఎగతాళిని నేను చెవికి ఎక్కించుకోలేదు. ఎందుకంటే ఖాళీ బండితో చదును రోడ్డెక్కితే అది బండి కాదు, ఈల వేసుకుంటూ పోయే గాలి. ఉరవకొండ దాకా ఊరికే వెళ్లొచ్చాం. ఊరికే అంటే పని లేకుండా, సంతోషం పట్టలేక. ఇంజను చప్పుడే లేదు. మూడో గేరుకే బస్సులు వెనకబడిపోతున్నాయి. రెండుపక్కలా ఎండిన వేరుశనగ చేలు, మధ్యలో మేము, కిటికీలోంచి సగం బయటికి వంగి అరుస్తున్న డిప్లమో. "సూడ్రా నా లెక్క! సూడ్రా నా లెక్క!" అని దారిన పోయే ట్రాక్టర్లవాళ్లకు, గాలిమరలకు, కంచెల మీది కాకులకు కూడా చెప్పాడు. బయలుదేరేటప్పుడు మాత్రం బండి కొంచెం గునిసేది. క్లచ్చి నిదానంగా వదులుతూ బతిమాలుకుంటే గానీ కదిలేది కాదు. ఏదో కాలిన వాసన కూడా వచ్చేది. "కొత్త సామాను వాసన అట్లే ఉంటాది" అన్నాడు డిప్లమో. నిజమే కాబోలనుకుని ఇద్దరం గట్టిగా పీల్చుకున్నాం.

పరస రోజు రానే వచ్చింది. పొద్దున్నే బండికి మామిడాకులు, బంతిపూలు. మా పొట్టేలుకు పసుపు రాసి, కొమ్ములకు రిబ్బన్లు కట్టారు. దానితోపాటు వీధిలో వాళ్ల మొక్కుబడి జీవాలన్నీ మా బండికే ఎక్కాలి. ఎక్కాలంటే దూకాలి. మామూలు పికప్ అయితే ముందు పోతు ఎగిరి దూకితే మిగతావి దాని వెంట దూకేస్తాయి. మా బండి ముందుకు వచ్చిన పొట్టేలు తల పైకెత్తి చూసి, వెనక్కి తిరిగి, మా నాయన మొహంలోకి చూసింది. నాయన నా మొహంలోకి చూశాడు. దొడ్డి తలుపు ఊడదీసి వంతెనలా వేసి ఒక్కొక్కదాన్నే నడిపించాం. తర్వాత అవ్వను నేనూ డిప్లమో చెరో రెక్కా పట్టుకుని ముందు సీట్లోకి చేర్చాం. నాయన ఎప్పట్లాగే గొర్రెలతో పాటు వెనకే నిలబడ్డాడు, చేతిలో కర్ర. ఆ హడావుడిలో దొడ్డి తలుపును అక్కడే వదిలేసి బయలుదేరాం.

గుట్ట మొదట్లో దారి బాగానే ఉంది. కంకర రోడ్డు, రెండు పక్కలా కొబ్బరికాయల అంగళ్లు, ముందు ఉరుముల వాళ్లు తమ డోళ్లు వాయించుకుంటూ నడుస్తున్నారు. జనం మా టైర్లను చూసి పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. నా ఛాతీ చొక్కా గుండీలను నెడుతోంది. మొదటి మలుపు దాటగానే దారి నిలువునా లేచింది. మొదటి గేరు వేశాను. బండి రెండు బారలు పోయి, ముక్కి, వణికి, ఆగిపోయింది. మళ్లీ తీశాను. ఈసారి ఒక బార. మూడోసారి కదలనే లేదు, కాలిన వాసన మాత్రం గుట్టంతా పాకింది. "కొత్త సామాను..." అని మొదలుపెట్టిన డిప్లమో నా మొహం చూసి ఆపేశాడు. వాడు దిగి చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. వెనక ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి. పైన గుడి దగ్గర పూజకు పిలిచే గంట మొదలైంది. ఆ గంట ఆగేలోపు మా పొట్టేలు గుడి ముందరి రాతి గద్దె మీద ఉండాలి.

"దించి నడిపించుకుని పోదాం నాయనా!" అని కిటికీలోంచి అరిచాను. వెనక తలుపు తీశారు. మా పొట్టేలు అంచు దాకా వచ్చి కిందికి చూసింది. ఆ ఎత్తు చూసి నాలుగు అడుగులు వెనక్కి వేసి, మిగతావాటి మధ్యలో దూరి నిలబడింది. ఒక్కటంటే ఒక్కటి దూకలేదు. ఎత్తి దింపుదామంటే అంత ఎత్తు నుంచి అందుకునే మనిషి లేడు. వంతెన వేద్దామంటే తలుపు ఇంటి దగ్గర. ఒక ట్రాక్టరాయన మా ముందుకు నడిచి వచ్చి, "తాడు కట్టి గుంజేదాప్పా?" అన్నాడు మర్యాదగా. నాయన నా వైపు చూశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ చూపులో నాకు దొడ్డి నిండా గొర్రెలు, నా చేతిలో కర్ర, నా ముందు ముప్పై ఏళ్ల దుమ్ము స్పష్టంగా కనిపించాయి. నిజం చెప్పాలంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్కన అవ్వ ఉందని తుడుచుకోలేదు.

మమ్మల్ని గుంజడానికి ట్రాక్టరు ముందుకు రావాలన్నా మేము దారిలోంచి తప్పుకోవాలి, ఆలోపు గంట ఆగిపోతుంది. సరే, అయిపోయింది, బండిని కిందికి తిప్పేద్దాం అనుకున్నాను. వెనక తలుపు వేసి, చక్రాల కింది రాళ్లు తీశాక, మెల్లగా జారుకుంటూ మలుపులో వెడల్పున్న చోటికి వచ్చాను. అక్కడ స్టీరింగు తిప్పి ముందుకు కోసి, వెనక్కి తీసి, మళ్లీ ముందుకు కోస్తే బండి మొగం ఇంటివైపు తిరుగుతుంది. ముందుకు కోశాను. రివర్స్ గేరు వేసి వెనక్కి తీశాను. బండి తోక పైదారిలోకి పోయింది. పోయింది అంటే, పోతూనే ఉంది. నేను ఆపలేదు, ఆపాలని తోచలేదు. ఇంజను ముక్కడం లేదు, వణకడం లేదు, నిండు చూలాలిలా నిదానంగా, నింపాదిగా గుట్ట ఎక్కుతోంది! (మా బండికి మొదటి గేరు కంటే రివర్స్ గేరే బలమైనదని తర్వాత తెలిసింది. దానికి కావలసిందల్లా వెనక్కి నడవడమే.) బయట నడుస్తున్న డిప్లమో రెండు చేతులూ పైకెత్తి గంతులేశాడు. "ఎక్కతాండాది! రివర్సులో ఎక్కతాండాదిరా! ఆపొద్దు! సచ్చినా ఆపొద్దు!"

ఆపను గానీ, చూడ్డం ఎట్లా? అద్దంలో చూస్తే గొర్రె మొహాలు. తల తిప్పి వెనక గాజులోంచి చూస్తే ఇంకా దగ్గరగా గొర్రె మొహాలు. ఒక పక్క బండరాళ్లు, ఇంకో పక్క లోయ. అంతలో వెనక నుంచి టకటకమని రేకు మోగింది. నాయన కర్ర! ఎడమ పక్క రేకు మీద రెండు దెబ్బలు, "హెయ్, బా... బా..." అని కేక. చిన్నప్పటి నుంచి వింటున్న పిలుపు, నాకు తెలియకుండానే చేతులు కదిలాయి. కర్ర ఏ పక్క మోగితే ఆ పక్క నుంచి తప్పుకోవాలి, ఏ గొర్రెకైనా అదే లెక్క. రివర్సులో నాకు కుడి ఎడమలు ఎప్పుడూ తారుమారే, కానీ ఆ కర్ర చప్పుడు మాత్రం ఒక్కసారీ తారుమారు కాలేదు. కుడి రేకు మోగితే తోకను ఎడమకు, ఎడమ రేకు మోగితే కుడికి. "త్ర్ర్ర్" అంటే నిదానం. నాలుక టక్కుమనిపిస్తే పోనీ. మందను తోలినట్టే బండిని తోలాడు మా నాయన, మందలో గొర్రెలాగే నేను మాట విన్నాను.

ముందు సీట్లో అవ్వ వైభోగం వేరే. ఆమెకు ఎదురుగా ఊరంతా, కిందనుంచి వచ్చే జనమంతా, ఆమె వైపే నడిచి వస్తున్నారు. ఉరుముల వాళ్లు ఇందాక మా ముందు ఉన్నవాళ్లు, ఇప్పుడు బండి వాళ్లను దాటి పైకి పోవడంతో మా బానెట్టుకు ఎదురుబొదురుగా నిలబడి, ఇదేదో కొత్త మొక్కు అనుకుని, రెట్టించిన ఉత్సాహంతో వాయిస్తూ మా వెంటబడ్డారు. ఆ దరువుకు జనం ఈలలు. అవ్వ గెలిచిన నాయకురాలి లెక్కన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అందరికీ ఊపింది. "తోలు నాయనా తోలు, ఇంత సుకంగా నేను ఎప్పుడూ గుట్టెక్కలేదు" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, మెడ పట్టేసింది, మూడూ ఒకేసారి.

గంట ఇంకా మోగుతూ ఉండగానే బండి తోక గుడి ముందర ఉన్న రాతి గద్దెకు ఆనింది. నాయన వెనక తలుపు తీశాడు. ఆ గద్దె ఎత్తు, మా పెద్ద టైర్ల బండి అడుగు ఎత్తు, కొలిచి కట్టినట్టు సరిగ్గా ఒకటే! మా పొట్టేలు దూకే పని లేకుండా, ఇంట్లోంచి వరండాలోకి వచ్చినంత దర్జాగా నడిచి వచ్చి అమ్మవారి ముందు నిలబడింది. ఆ టైర్లు పుట్టినందుకు, నేను వాటిని కొన్నందుకు, అవి పనికొచ్చింది ఆ ఒక్క క్షణమే. పూజారి మాత్రం మొహం చిట్లించాడు. "ఇదేం పద్దతప్పా? అమ్మకు వీపు పెట్టి వచ్చినావు?" బండి లోపలి నుంచి అవ్వ గొంతు లేచింది. "వీపు యాడ పెట్టినాడు సామీ? జీవాల మొగాలు అమ్మ తట్టే ఉండాయి గదా! అమ్మ చూడల్సింది ఇచ్చేదాని మొగం. తోలేటోని మొగం చూసి ఏం చేసుకుంటాది?" పూజారి జీవాల మొహాల వైపు, అమ్మవారి వైపు చూశాడు. తల ఊపాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా తలలు ఊపి, కొందరు బండికి దండం పెట్టారు. డిప్లమో కూడా పెట్టాడు.

పూజ అయ్యాక నాయన నా దగ్గరికి వచ్చాడు. నేను టైరుకు ఆనుకుని మెడ రుద్దుకుంటున్నాను. ఇప్పుడు తేలిపోతుంది అనుకున్నాను. ఆయన టైరును కర్రతో ఒకసారి తట్టి, "గొర్ల ఎనకాల పోనని గదా బండి కొనిపిచ్చుకుంటివి?" అన్నాడు. నేను తల దించుకున్నాను. "ఇయ్యాల గుట్టెక్కింది ఎట్ల? గొర్లు ముందర. నువ్వు ఎనక." అని, నా జీవితంలో ఎప్పుడూ చూడనంత సేపు నవ్వాడు. శబ్దం లేకుండా, భుజాలు ఊగిపోయేలా, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ. తర్వాత మెల్లగా అన్నాడు. "నేను కర్ర కొడితే మాట ఇన్యావు. ఇన్నేండ్లలో ఇదే మొదటి తూరి. బండి ఉండనీ. ఆ చక్రాలు మాత్రం పీకెయ్, మీ యవ్వ ఎక్కలేకుండాది."

పీకేశాం. డిప్లమో షెడ్డు గోడ ముందు ఒక పూటంతా నిలబడి, తన లెక్కను పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివి, "భాగారం తిరగేసినా" అని ఒప్పుకుని, గోడకు సున్నం కొట్టాడు. భాయ్ పాత క్రౌన్ మళ్లీ ఎక్కించాడు. ఈసారి మూడు నట్లు మిగిలాయి. పెద్ద టైర్లలో ఒకదాన్ని నిలువునా కోసి నాయన దొడ్లో తొట్టిగా పెట్టుకున్నాడు. జీవాలు ఇప్పటికీ అందులోనే నీళ్లు తాగుతున్నాయి, పెద్ద టైరు కాబట్టి నీళ్లు బాగా పడతాయి. ఆ పికప్ తర్వాత ఇంకోటి, దాని తర్వాత ఇంకోటి కొన్నాను. ఏ బండికీ కంపెనీ ఇచ్చిన టైరు తప్ప వేరేది వెయ్యలేదు. కుర్రాళ్లెవరైనా బండ్లకు పెద్ద టైర్లు వేసుకుంటే మంచి మాట చెబుదామనుకుంటాను గానీ, వాళ్లు ఆ రబ్బరును నిమిరే తీరు చూశాక నోరు రాదు.

ఈ ఏడు పరసకు కూడా బండి తీసుకుపోయాను. వెనక పొట్టేలు, పక్కన నాయన (మోకాళ్ల నొప్పులని ఇప్పుడు ముందు సీట్లోనే కూర్చుంటున్నాడు). మొదటి మలుపు దగ్గర ఛాతీకి బిళ్ల తగిలించుకుని, ఈల నోట్లో పెట్టుకున్న జాతర కమిటీ అతను, ఈ ఏడే కొత్తగా చేరిన పక్కూరి మనిషి, చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. అతని వెనక పైదారి నిండా బండ్లు. పికప్‌లు, ఆటోలు, ఒక ట్రాక్టరు. అన్నీ వరసగా, వెనక్కి వెనక్కి, మెడలు తిప్పుకుని గుట్టెక్కుతున్నాయి.

"అన్నా, ఈడ తిప్పుకోవల్ల. రివర్సులోనే పోవల్ల" అన్నాడు.

"ఎందుకప్పా?" అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

అతను నన్ను ఊరు తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. "నీకు తెల్దా? తాతల నాటి ఆచారమన్నా. అమ్మకు ముందర జీవాల మొగం కనపడల్ల. ఎనకటికెవరో పెద్దాయన అట్ల ఎక్కిచ్చినాడంట. చానా భక్తి గల మనిషంట."

నాయన కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. భక్తి గల ఆ పెద్దాయనకు అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదని, ఆ రోజు ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగింది భక్తితో కాదని, నేను చెప్పలేదు. చెబితే ఏమయ్యేది, ఇంత మందీ ముందుకు తిరిగి పోయేవాళ్లు, చూడ్డానికి ఏముండేది? ఆ ఇరవై రెండేళ్ల వాడు ఒక్కసారి ఎదురైతే భుజం మీద చెయ్యి వేసి, నీ అంత భక్తుడు ఈ చుట్టుపక్కల ఇంకోడు లేడురా అని చెప్పాలనిపించింది. వాడు నమ్మి ఉండేవాడు కూడా. "సరేలేప్పా" అని కమిటీ అతనికి చెప్పి, బండి తిప్పుకుని, నొప్పెట్టే మెడను వెనక్కి వంచి, రివర్స్ గేరు వేశాను.